ముందు వాట్లు చూడండి, తర్వాత డిగ్రీలు

"మామయ్యా, వంద చూపిస్తోంది."

మే నెలలో ఒక రాత్రి పదకొండు దాటాక విజయవాడ నుంచి మా అక్క కొడుకు చేసిన ఫోను ఈ మాటతోనే మొదలైంది. నాలుగు రోజుల కిందటే కొత్త కంప్యూటర్ కొన్నాడు. కోర్ ఐ7-12700 ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్, ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ వేడిని లాగడానికి 120 ఎంఎం ఫ్యాను ఉన్న ఒంటి టవర్ (ఒకే రేకుల దొంతర) కూలర్. వాడు యానిమేషన్ నేర్చుకుంటున్నాడు. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చిన్న సీను రెండరింగుకి (తుది బొమ్మలు తయారవడానికి) పెట్టి, పక్కన వేడీ వాట్లూ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి చూస్తే ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దగ్గర అతుక్కుపోయి కూర్చుంది. అక్క చిట్టీ పాడి తెచ్చిన డబ్బుతో కొన్న మిషను అది. వాడి గొంతులో భయం ఎందుకో నాకు వేరే చెప్పక్కర్లేదు.

నాకంటే ముందు వాడు ఇద్దరిని అడిగాడు. బిగించిచ్చిన షాపువాళ్లు "ఐ7కి ఎయిర్ కూలర్ ఆగదు తమ్ముడూ, నీళ్లతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ వేసుకో, 9 వేలలో అయిపోతుంది" అన్నారు. కాలేజీ స్నేహితుడు "ఈ తరం ప్రాసెసర్లన్నీ అంతేరా, వందకి వెళ్లినా ఏమీ కాదు, వదిలెయ్" అన్నాడు. మన దగ్గర కొత్త కంప్యూటర్ వేడెక్కితే దొరికే సలహాలు దాదాపుగా ఈ రెండే. ఒకటి జేబు ఖాళీ చేయిస్తుంది, రెండోది జబ్బును అలాగే ఉంచేస్తుంది. ఈ ఇద్దరిలో ఒక్కరు కూడా "ఎన్ని వాట్ల దగ్గర వంద?" అని అడగలేదు. నా గొడవంతా ఆ అడగని ప్రశ్న గురించే.

ప్రాసెసర్ మింగే కరెంటంతా వేడిగానే బయటికి రావాలి, దానికి వేరే దారి లేదు. 100 వాట్లు తింటే 100 వాట్ల వేడి. ఆ వేడిని గదిలోని గాలికి అప్పజెప్పడమే కూలర్ పని. కాబట్టి తెర మీద కనిపించే డిగ్రీల్లో మూడు సంగతులు కలిసిపోయి ఉంటాయి: గది ఎంత వేడిగా ఉంది, ప్రాసెసర్ ఎన్ని వాట్లు తింటోంది, ఆ వాట్లను కూలర్ ఎంత బాగా లాగేస్తోంది. 100 అన్న అంకె ఒక్కటే చేతికిస్తే ఈ మూడింటిలో తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. ఎంత అనుభవమున్న మెకానిక్ అయినా సరే.

అందుకే ఫోనులో వాడిని రెండే అడిగాను. "హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో సీపీయూ ప్యాకేజ్ పవర్ అని ఒక వరస ఉంటుంది, అందులో ఎంతుంది? మీ గదిలో వేడెంత?" వాట్లు 118 అన్నాడు. గది వేడికి వాళ్ల నాన్న గడియారంలోని థర్మామీటరు చూసి 36 అన్నాడు. 100లోంచి 36 తీసేస్తే 64. దాన్ని 118తో భాగిస్తే 0.54. అంటే తింటున్న ఒక్కో వాటుకీ ఆ ప్రాసెసర్ గది వేడి మీద అర డిగ్రీకి పైగా ఎక్కుతోందన్నమాట. నేను ఇన్నేళ్లుగా బిగించిన మిషన్లలో ఈ తరహా ప్రాసెసర్ మీద సరిగ్గా కూర్చున్న ఒంటి టవర్ కూలర్‌కి ఈ లెక్క 0.3 చుట్టూ వస్తుంది. మా వాడిది దాదాపు రెట్టింపు. పైగా ఆ 118 కూడా వాడి ప్రాసెసర్ అసలు ఆకలి కాదు. 100 తగలగానే అది తనంతట తాను వేగం తగ్గించుకుని 118 దగ్గర ఆగింది. ఐ7-12700 టర్బోలో, అంటే పూర్తి వేగంలో, 180 వాట్ల దాకా తినేలా తయారైంది.

ఇక్కడ భయం గురించి ఒక మాట. 2001లో ఒక హార్డ్‌వేర్ వెబ్‌సైటు వాళ్లు నడుస్తున్న ప్రాసెసర్ల మీది కూలర్లను ఊడబెరికి వీడియో తీశారు. ఇంటెల్ వాళ్ల పెంటియం 4 వేగం తగ్గించుకుని ప్రాణం నిలుపుకుంది. దాని పోటీ కంపెనీ ఏఎండీ ఆనాటి ఆథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి చచ్చిపోయింది. ఇప్పటి ప్రాసెసర్లు ఇంటెల్‌వైనా ఏఎండీవైనా ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ ఆగకపోతే మిషనే ఆరిపోతుంది. కాబట్టి ఒక రాత్రికి కాలిపోదు. ఆ సంగతి చెప్పి, రెండరింగు ఆపి పడుకోమన్నాను.

శనివారం పొద్దున విజయవాడ వెళ్లాను. వెళ్లగానే ప్రాసెసర్‌తో పూర్తి బరువు మోయించి స్కోరు ఇచ్చే సినీబెంచ్ ఆర్23 పెట్టించాను. మొదలుపెట్టిన మూడు సెకన్లలో 45 నుంచి 100కి ఎగిరింది. ఆ ఎగిరిన తీరు చూడగానే నాకు సగం తెలిసిపోయింది. కూలర్ సరిగ్గా అంటుకుని ఉంటే, దాని ఒంట్లో ఉన్న రాగీ అల్యూమినియమూ వేడెక్కడానికి కాస్త సమయం పడుతుంది, అంకె మెల్లగా నిమిషాల్లో ఎక్కుతుంది. సెకన్లలో గరిష్ఠానికి పోయిందంటే వేడి ప్రాసెసర్ పైనుండే లోహపు మూత దాటి సరిగ్గా బయటికి రావడం లేదు. పక్క డోరు తీసి, ఫ్యాను రెక్కలకు చెయ్యి తగలకుండా కూలర్ రేకులను వేలితో తాకి చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. కింద 100 డిగ్రీలు, పైన నాలుగంగుళాల దూరంలో గోరువెచ్చటి రేకులు. "ఇక్కడ చెయ్యి పెట్టి చూడు" అని మా వాడి చెయ్యి పట్టి పెట్టించాను. వాడి మొహంలో ఆశ్చర్యం కనిపించింది.

మిషను ఆపి, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా పెట్టె) వైరు పీకి, కూలర్ నాలుగు స్క్రూలూ మూలకు మూల వరసలో కొంచెం కొంచెంగా వదులు చేసి, అటూ ఇటూ మెల్లగా తిప్పి పైకెత్తాను. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు; ఏఎండీ వాళ్ల పాత ఏఎం4 సాకెట్‌లో ప్రాసెసర్‌ను పట్టుకునే చట్రం ఉండదు. చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారిగా లాగితే కూలర్‌తో పాటు ప్రాసెసరూ ఊడి వచ్చి పిన్నులు వంగిపోతాయి. ఏఎం4 వాళ్లు కాసేపు మిషను నడిపి, కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్టు మెత్తబడ్డాకే విప్పండి.

కూలర్ అడుగు చూస్తే కథంతా అక్కడ రాసి ఉంది. సరిగ్గా నొక్కుకుంటే థర్మల్ పేస్టు ప్రాసెసర్ మూతంతా పల్చగా పరుచుకుని, ఎత్తినప్పుడు రెండు వైపులా చీమలపుట్టలా గరుకు గుర్తు పడుతుంది. ఇక్కడ మూతకి ఒక అంచు వెంబడి మాత్రమే పేస్టు పలచబడింది. మధ్యలో షాపులో పిండిన బటాణీ గింజంత ముద్ద పైన కొంచెం చదునై, చుట్టూ గుండ్రంగా అలాగే ఉంది. పేస్టు చేయాల్సిన పని రెండు లోహాల మధ్య కంటికి కనపడని గుంతల్లోంచి గాలిని తరిమేయడం. వేడిని మోయడంలో రాగికి 400 మార్కులు వేస్తే గాలికి 0.026 వేయాలి. మామూలు పేస్టు సంగతి 5, 10 మధ్య. గాలితో పోలిస్తే పేస్టు దేవుడే, రాగితో పోలిస్తే అదీ అడ్డుగోడే. అందుకే అది ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లదనం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మరి ఎందుకు నొక్కుకోలేదు? కూలర్ పెట్టె అడుగున తెరవని చిన్న కవరు ఒకటి దొరికింది. దాని మీద 1700 అని ఉంది. పక్కనే చింపి ఖాళీ చేసిన కవరు మీద 115ఎక్స్, 1200 అని ఉంది. అవి పాత సాకెట్ల పేర్లు. ఇంటెల్ పన్నెండో తరంతో, అంటే మా వాడి ప్రాసెసర్ తరంతో, సాకెట్ మార్చి ఎల్‌జీఏ1700 తెచ్చింది. కూలర్ బెజ్జాల మధ్య దూరం 75 మిల్లీమీటర్ల నుంచి 78కి పెరిగింది, ప్రాసెసర్ కూర్చునే ఎత్తు ఒక మిల్లీమీటరు దాకా తగ్గింది. ఈ కూలర్ వెనక ప్లేటులో రెండు కొలతలకూ బెజ్జాలున్నాయి కాబట్టి పాత సాకెట్‌కి ఇచ్చిన స్టాండాఫులు (స్క్రూల కింద నిలిచే చిన్న కాళ్లు) పెట్టినా స్క్రూలు చివరిదాకా బిగుసుకున్నాయి. బిగించిన కుర్రాడికి చేతికి గట్టిగానే తగిలి ఉంటుంది. కానీ ఆ స్టాండాఫులు పాత ఎత్తువి. స్క్రూ స్టాండాఫును నొక్కిందే కానీ కూలర్ ప్రాసెసర్‌ను నొక్కలేదు. 9 వేలు పోసి లిక్విడ్ కూలర్ తెచ్చినా, అదే చేత్తో అలాగే బిగిస్తే ఏమయ్యేది? పంపు మోత ఒకటి అదనంగా వినిపించేది, అంతే.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. రోజుకి పది మిషన్లు బిగించమంటే ఏ కవరు ఎవరు చదువుతారు? నా కోపం, విప్పి చూడకుండానే కొత్తది కొనమని చెప్పే అలవాటు మీద. కొత్త మిషనులో వేడికి కారణాలు చాలాసార్లు ఇంత చిన్నవే. కూలర్ అడుగున అంటించిన ప్లాస్టిక్ పొర పీకకపోవడం. ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కి ఉండే నాలుగు ప్లాస్టిక్ కాళ్లలో ఒకటి టక్కుమనకుండా ఉండిపోవడం. మదర్‌బోర్డు వెనకనుంచి చూస్తే ఆ కాలు మొన పూర్తిగా బయటికి రాలేదని కనిపిస్తుంది. లిక్విడ్ కూలర్ పంపు వైరును వేగం తగ్గించే ఫ్యాను పిన్నులకు తగిలించడం. ఫ్యాను వెనక్కి తిరిగి ఉండటం. వీటిలో దేనికీ రూపాయి ఖర్చు లేదు.

పాత పేస్టు తుడవడానికి వీధి చివర మొబైల్ రిపేరు షాపతన్ని అడిగితే సీసాలోంచి కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. సరైన స్టాండాఫులు పెట్టి, కొత్త పేస్టు వేసి, మూలకు మూల బిగించాం. బిగించింది మా వాడే. నేను టార్చి పట్టుకున్నాను.

మళ్లీ సినీబెంచ్. ఈసారి అంకె మెల్లగా ఎక్కింది. పది నిమిషాల తర్వాత 94 దగ్గర నిలిచింది. మా వాడు నీరుగారిపోయాడు. "ఆరు డిగ్రీలేనా మామయ్యా తగ్గింది?" డిగ్రీలు మాత్రమే చూస్తే వాడన్నది నిజమే. వాట్లు చూడరా అన్నాను. 176. 94లోంచి 36 తీస్తే 58, దాన్ని 176తో భాగిస్తే 0.33. కూలర్ ఇప్పుడు తన పని తాను పూర్తిగా చేస్తోంది. ఇంతకుముందు 118 వాట్లకే చేతులెత్తేసింది, ఇప్పుడు 176 వాట్లు మోస్తూ కూడా వేగం తగ్గనివ్వడం లేదు. జబ్బు నయమైంది. మిగిలింది ఆకలి.

ఆ ఆకలి ఎవరు నేర్పారో చూద్దామని బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి, వెళ్లాం. అక్కడ పవర్ లిమిట్ 4096 వాట్లు అని ఉంది. ఇంట్లో రెండు ఏసీలు కలిపి తినే కరెంటు కంటే ఎక్కువ అది. నిజంగా అంత తింటుందని కాదు, అదుపు ఏదీ లేదని చెప్పే పద్ధతి. కొన్ని బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏ కూలర్ వాడుతున్నారని అడుగుతాయి. వాటర్ కూలర్ అని నొక్కితే పగ్గాలు వదిలేస్తాయి. షాపులో ఎవరో అది నొక్కారు. ఐ7-12700కి ఇంటెల్ ఇచ్చిన కొలతలు రెండు: మామూలు పనికి 65 వాట్లు, టర్బోకి గరిష్ఠంగా 180. సొంతదారుడికి తెలియకుండా ఈ పగ్గం తీసేసే హక్కు బోర్డు తయారుచేసేవాళ్లకు గానీ బిగించేవాళ్లకు గానీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. పరీక్షల్లో నాలుగు మార్కులు ఎక్కువ రావాలని వాళ్లు ఆడే పోటీకి వేడి, మోత, కరెంటు బిల్లు మనం కట్టాలా?

పవర్ లిమిట్ 125 అని రాసి మళ్లీ నడిపాం. 76 డిగ్రీలు. 76లోంచి 36 తీస్తే 40, 125తో భాగిస్తే 0.32. వాట్లు మారినా లెక్క మారలేదు. సినీబెంచ్ స్కోరు 21,800 నుంచి 20,300కి వచ్చింది. 51 వాట్లు మిగిలాయి, వేగం ఏడు శాతం తగ్గింది. గంట రెండరింగుకి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఫ్యాను మోత సగానికి పడిపోయింది. ఆ చివరి ఏడు శాతం వేగం కోసమే అంత వేడీ పుడుతోందని మా వాడికి అప్పుడు అర్థమైంది. వాడు తనంతట తానే 100 పెట్టి చూశాడు, 140 పెట్టి చూశాడు, చివరికి 125 దగ్గరే ఉంచాడు.

ఏఎండీ వాళ్లకూ ఇదే మాట, కాస్త తేడాతో. 2022లో వచ్చిన రైజెన్ 7000 వరస ప్రాసెసర్లను పూర్తి బరువు మీద 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నడిచేలా తయారుచేశారు, ఏఎండీయే ఆ సంగతి చెప్పింది. రైజెన్ 7 7700ఎక్స్‌లో ఎనిమిది కోర్లూ (లెక్కలు చేసే భాగాలు) ఉన్న సిలికాన్ ముక్క సుమారు 70 చదరపు మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరు కంటే చిన్నది. దాని సాకెట్‌కి 142 వాట్ల దాకా అనుమతి ఉంది. అంత చిన్న చోటులోంచి అంత వేడి లాగడం పెద్ద కూలర్‌కైనా కష్టమే. అక్కడ 95 చూసి భయపడనక్కర్లేదు. కానీ అంతటితో వదిలేయమని కూడా నేననను. 95 ఎన్ని వాట్ల దగ్గర వస్తోందో చూడండి. 140 దగ్గరైతే అది దాని స్వభావం. 90 దగ్గరే వస్తుంటే కూలర్ విప్పాల్సిందే. నిజంగా చల్లగా కావాలనుకుంటే బయోస్‌లో 65 వాట్ల ఎకో మోడ్ ఉంది, అది అసలు పరిమితిని 88కి దించుతుంది, పైసా ఖర్చు లేకుండా.

డిగ్రీలను మాత్రమే అణచాలని చూడటం ఎంత ప్రమాదమో ఇంటెల్ 13, 14 తరాల కథ చూపించింది. పై స్థాయి ప్రాసెసర్లు ఉన్నట్టుండి ఆగిపోతున్నాయని జనం మొత్తుకున్నారు. ప్రాసెసర్‌కి అందాల్సిన దానికంటే ఎక్కువ వోల్టేజీ అందుతోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో 0x129 అనే మైక్రోకోడ్ సవరణ (బయోస్ అప్‌డేట్‌తో వచ్చే, ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామును సరిదిద్దేది) ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది. ఆ మిషన్లు వేడెక్కుతున్నాయని పెద్ద కూలర్ కొన్నవాళ్లకు అంకె తగ్గి మనసు కుదుటపడి ఉండొచ్చు, వోల్టేజీ మాత్రం లోపల దాని పని అది చేసుకుపోతూనే ఉంది. ఆ తరాల ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఇంకా బయోస్ అప్‌డేట్ చేయకపోతే ఇది చదవడం ఆపి ముందు ఆ పని చేయండి. మా వాడిది పన్నెండో తరం, దానికి ఈ తిప్పలు లేవు.

ఇక మన ఎండ. కూలర్ల రివ్యూలు చేసేవాళ్లు 20, 25 డిగ్రీల గదుల్లో కొలుస్తారు. అక్కడ 80 వచ్చిందంటే మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో అదే కూలర్, అదే ప్రాసెసర్ 92, 95 చూపిస్తాయి. ఏ కూలరూ, నీళ్లదైనా గాలిదైనా, ప్రాసెసర్‌ను గది వేడి కంటే కిందికి దించలేదు. తిరిగే సీలింగు ఫ్యాను మన ఒంటికి చల్లగా ఉంటుంది కానీ గది గాలి వేడిని తగ్గించదు. ఇంకొకటి, మన కంప్యూటర్ టేబుళ్లలో సీపీయూ పెట్టుకోవడానికని మూడు వైపులా చెక్కతో ఒక అర చేసి ఇస్తారు. మా వాడి డబ్బా అందులోనే ఉంది. ముందు ఫ్యాను దగ్గర థర్మామీటరు పెడితే 41 చూపించింది, గదిలో 36 ఉండగా. డబ్బా వదిలిన వేడి గాలినే అర తిప్పి దాని నోట్లో పెడుతోంది. ఆ ఐదు డిగ్రీలూ నేరుగా ప్రాసెసర్ మీద పడతాయి. శనివారం సినీబెంచ్ పెట్టే ముందే దాన్ని బయటికి లాగి టేబుల్ పక్కన రెండు చెక్క పీటల మీద పెట్టించాను. పీటలు వంటింట్లోవి. అక్క ముందు వద్దంది, తర్వాత ఒప్పుకుంది.

లిక్విడ్ కూలర్ ఎవరికీ వద్దని నేను చెప్పడం లేదు. ఐ9-13900కేలా 253 వాట్లు తినే ప్రాసెసర్‌తో పగలంతా వీడియోలు ఎన్‌కోడ్ చేసేవాళ్లకు పెద్ద రేడియేటర్ కావాలి. కానీ అది కూడా లెక్క చేశాక తీసుకోవాల్సిన నిర్ణయం. భాగిస్తే 0.3 వస్తూ, వాట్లు తగ్గించుకోవడం మీ పనికి కుదరకపోతే అప్పుడు కొనండి. 0.5 వస్తుంటే కొనకండి, విప్పండి.

అన్నట్టు, బయోస్ తెరలో కనిపించే వేడి చూసి కంగారుపడేవాళ్లు చాలామంది ఉన్నారు. బయోస్‌లో ఉన్నప్పుడు ప్రాసెసర్ విశ్రాంతిలోకి వెళ్లదు. అక్కడ 55 కనిపించినా విండోస్‌లో ఖాళీగా ఉన్నప్పుడు 40కి దిగొచ్చు. తీర్పు చెప్పాల్సింది పది నిమిషాలు బరువు మోయించాకే.

సాయంత్రం బస్సెక్కే ముందు పెట్టెలో మిగిలిన పాత స్టాండాఫులు నాలుగూ కవరులో వేసి, మీద స్కెచ్ పెన్నుతో "ఇవి కావు" అని రాసి వాడికిచ్చాను.

డిసెంబరులో ఒక రాత్రి వాడి దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. ఏదో పెద్ద సీను రెండరింగుకి పెట్టాడట. నేనేమీ అడగలేదు. "గది 24, వాట్లు 125, ప్రాసెసర్ 64. మళ్లీ 40 తేడానే మామయ్యా."